నేవీ ఆఫీసర్ అప్లికేషన్ గట్టిగా ఉండాలంటే ఇప్పట్నుంచి ఏం చెయ్యాలి? (ఈసీఈ, 2-2 అయిపోయింది)

ఉద్దానం_అమ్మాయి:

అందరికీ నమస్తే. నేను విజయనగరంలో హాస్టల్‌లో ఉండి బీటెక్ ఈసీఈ చదువుతున్నాను, 2-2 పరీక్షలు మొన్ననే అయిపోయాయి. సొంతూరు పలాస సైడు. నేవీలో ఆఫీసర్‌గా వెళ్లాలని ఇంటర్ నుంచీ మనసులో ఉంది కానీ ఎవర్నడగాలో తెలీక ఇక్కడ అడుగుతున్నాను. ఇప్పటిదాకా సీజీపీఏ 7.6, బ్యాక్‌లాగ్స్ లేవు, ఎన్‌సీసీ లేదు, కబడ్డీ ఇంటర్ వరకూ ఆడాను తర్వాత మానేశాను. మా సీనియర్ ఒకతను ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఎన్ని ఉంటే అప్లికేషన్ అంత స్ట్రాంగ్ అంటున్నాడు, ఈ సెలవుల్లో పైథాన్ కోర్సు ఒకటీ రోబోటిక్స్ ఒకటీ చేద్దామనుకుంటున్నా, నిజంగా పనికొస్తాయా? ఎన్‌సీసీలో ఇప్పుడు చేరొచ్చా? వైజాగ్‌లో కోచింగ్ లేకపోతే అసలు రాదంటున్నారు నిజమేనా? ఈత కూడా రాదు నాకు (సముద్రం పక్క జిల్లాలో పుట్టి ఈత రాదా అని నవ్వకండి).

ఇంకోటి, అడగాలా వద్దా అనుకుంటూనే అడుగుతున్నా. మా నాన్న జీడిపప్పు బట్టీలో పని చేస్తారు, అమ్మ కూడా పీలింగ్‌కి వెళ్తుంది. మా ఇంట్లో, చుట్టాల్లో డిఫెన్స్ వాళ్లెవరూ లేరు. ఇంటర్వ్యూలో తల్లిదండ్రుల గురించి అడుగుతారంట కదా, అది మైనస్ అవుతుందా?

పార్వతీపురం_పాసింజర్:

నేవీ అంటే మంచి జీతాలమ్మా, మా బావ కొడుకు ఆరు నెలలు షిప్పు మీద ఆరు నెలలు ఇంటి దగ్గర. సీటు ఇప్పించే ఏజెంటు ఉన్నాడు వైజాగ్‌లో, కావాలంటే నంబర్ కనుక్కుని చెప్తాను.

కోటజంక్షన్_కుర్రాడు:

పైన అన్నయ్య చెప్పింది మర్చంట్ నేవీ గురించండి, సరుకు ఓడలు, ప్రైవేటు కంపెనీలు, దానికి ఐఎంయూ సెట్ అని వేరే పరీక్ష ఉంటుంది. ఈ అమ్మాయి అడిగింది ఇండియన్ నేవీ. దీనికి అప్లికేషన్ ఫీజే లేదు, ఏజెంటు ఎక్కడ్నుంచి వచ్చాడు? నేవీలో సీటు ఇప్పిస్తానని ఎవడైనా డబ్బులడిగితే వాడు దొంగే, అందులో డౌటక్కర్లేదు.

చెల్లెమ్మా ఇంక నీ సంగతికి వద్దాం. నేను నేవీ ఎస్‌ఎస్‌బీలకి, అంటే ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డులకి వెళ్లినవాణ్ణి, రికమెండ్ అయ్యాను, మెడికల్ కూడా క్లియర్ అయింది, మెరిట్ లిస్టులో పేరు రాలేదు. ఇప్పుడు వైజాగ్‌లో ఉద్యోగం. కాబట్టి లోపల ఎలా ఉంటుందో కొంత తెలుసు.

నువ్వు అప్లికేషన్ అంటున్నది ఒక్కటి కాదు, రెండు ఉంటాయి. నేవీ రిక్రూట్‌మెంట్ వెబ్‌సైట్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్‌కి (కొన్నేళ్లకి మాత్రం ఆఫీసర్‌గా తీసుకునే ఎంట్రీ) ఆన్‌లైన్‌లో నింపేది ఒకటి, ఎస్‌ఎస్‌బీకి వెళ్లాక అక్కడ కూర్చోబెట్టి చేత్తో నింపించే పీఐక్యూ, అంటే మన వ్యక్తిగత వివరాల ఫారం రెండోది. మొదటిదాంట్లో బీటెక్ వాళ్లకి ఐదో సెమిస్టర్ వరకు, అంటే మన భాషలో 3-1 దాకా వచ్చిన మార్కులే చూస్తారు. ఒక్కో యూనివర్సిటీ ఒక్కోలా మార్కులేస్తుంది కాబట్టి వాటిని ఒక ఫార్ములాతో సమానం చేసి, బ్రాంచ్‌ని బట్టి కటాఫ్ పెట్టి పిలుస్తారు, అంతే. నీ పైథాన్ సర్టిఫికెట్ రాయడానికి అందులో గడి కూడా ఉండదు. 60 శాతం మినిమమ్ నువ్వు దాటేశావు కానీ మినిమమ్ దాటడం వేరు కాల్ లెటర్ రావడం వేరు, ఎంతమంది అప్లై చేశారో దాన్ని బట్టి కటాఫ్ పైకి పోతుంది. నీ చేతిలో ఉన్నది ఒక్క సెమిస్టర్. 3-2లో నువ్వు 9 పాయింట్లు తెచ్చుకున్నా పిలుపుకి అది అక్కరకి రాదు, కాబట్టి ఈ సెలవుల్లో కోర్సులు పక్కన పెట్టి 3-1 సబ్జెక్టులు ముందే మొదలెట్టు. ఇంతకంటే అప్లికేషన్ గట్టిపడే దారి నాకు తెలీదు.

ఎన్‌సీసీ సంగతి. 'సి' సర్టిఫికెట్ కనీసం బి గ్రేడుతో ఉంటే షార్ట్‌లిస్ట్ మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంటుంది, నిజమే. కానీ 'సి' రావాలంటే మూడేళ్లు పడుతుంది, నువ్వు ఇప్పుడు చేరితే డిగ్రీ చేతికొచ్చేలోపు 'బి' వరకే వస్తావు. క్యాంపుల కోసం చేరాలనిపిస్తే చేరు, మంచిదే, ఆ 5 శాతం మీద మాత్రం ఆశ పెట్టుకోకు. ఇది చదువుతున్న ఫస్టియర్ పిల్లలెవరైనా ఉంటే మాత్రం రేపే వెళ్లి పేరిచ్చేయండి.

బ్రాంచ్‌ల విషయంలో కూడా జాగ్రత్త. ఈసీఈకి ఎగ్జిక్యూటివ్ ఉంది, ఎలక్ట్రికల్ ఉంది. పైలట్, నేవల్ ఎయిర్ ఆపరేషన్స్, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) పెట్టాలంటే టెన్త్‌లోనూ ఇంటర్‌లోనూ 60 శాతం ఉండాలి, ఇంగ్లీషులో టెన్త్‌లో గానీ ఇంటర్‌లో గానీ 60 ఉండాలి. పైలట్ కావాలంటే ఒక యాప్టిట్యూడ్ టెస్టు ఉంటుంది, అది జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, ఫెయిలైతే మళ్లీ ఛాన్స్ లేదు. ఫ్రెండ్ పెట్టిందని నువ్వూ అదే ఆర్డర్‌లో ప్రిఫరెన్స్ పెట్టేయకు. ఆ బ్రాంచ్ ఎందుకు పెట్టావని తప్పకుండా అడుగుతారు.

ఇంక పీఐక్యూ. నిజంగా నిన్ను నిలబెట్టేది ఇదే. పుట్టిన ఊరు, పెరిగిన ఊరు, అమ్మానాన్నల చదువు, పని, ఆదాయం, టెన్త్ నుంచి మార్కులు, ఆటలు, హాబీలు, కాలేజీలో తీసుకున్న బాధ్యతలు, అన్నీ ఆ కాగితం మీదే ఉంటాయి. ఇంటర్వ్యూ ఆఫీసర్ అది ముందు పెట్టుకునే మాట్లాడతాడు. మనవాళ్లు హాబీ దగ్గర పుస్తకాలు చదవడం అని రాసేస్తారు, ఈ మధ్య ఏం చదివావు అంటే నీళ్లు నములుతారు. నీకు ఇంకా ఏడాది పైనే ఉంది, ఆ గడుల్లో నిజంగా రాసుకోడానికి ఏదో ఒకటి చెయ్యి. కబడ్డీ మళ్లీ మొదలెట్టు, కాలేజీ టీంలో ఆడు, బెంచీ మీద కూర్చోబెట్టినా సరే ఆడు. హాస్టల్ మెస్ కమిటీలోనో ఫెస్ట్‌లోనో ఏదో ఒక పని నెత్తినేసుకో, లెక్కలు చూసే పని అయితే ఇంకా మంచిది, అక్కడ గొడవలెక్కువ కాబట్టి చెప్పుకోడానికి విషయం ఉంటుంది.

నాన్నగారి పని గురించి అడిగావు. మైనస్ కాదు. అసలు దాని గురించే నిన్ను ఎక్కువసేపు అడుగుతారు చూడు. జీడి పిక్కలు ఎక్కడ్నుంచి వస్తాయి, కాల్చాక కొట్టేటప్పుడు ఆ తొక్కలో నూనె చేతికంటితే ఏమవుద్ది, పీలింగ్‌లో ఆడవాళ్లకి కూలి ఎలా లెక్కేస్తారు, డబ్ల్యూ 320 అంటే ఏంటి, ఇలాంటివి. పౌండు బరువుకి మూడొందల ఇరవై లోపు పప్పులు వస్తే డబ్ల్యూ 320 అంటారని నాకు పలాస ఫ్రెండ్ చెప్తే తెలిసింది, నువ్వు ఇంట్లో పుట్టి పెరిగి ఆ మాత్రం చెప్పలేకపోతే అప్పుడవుద్ది మైనస్. ఈ సెలవుల్లో నాన్నతో వారం రోజులు బట్టీకి వెళ్లిరా.

చింతలవలస_హాస్టల్:

అన్నా మొత్తం బాగా చెప్పావ్ కానీ కోచింగ్ గురించి దాటేశావ్. కోచింగ్ లేకుండా మన సైడు పిల్లలు స్క్రీనింగ్ దాటడం కష్టం అన్నా, ఇంగ్లీషులో గ్రూప్‌లో మాట్లాడిన అలవాటే ఉండదు మనకి, అవతల సైనిక్ స్కూల్, మిలటరీ స్కూల్ వాళ్లు గడగడా మాట్లాడేస్తుంటే మనం నోరు తెరిచేలోపు డిస్కషన్ అయిపోద్ది.

కోటజంక్షన్_కుర్రాడు:

తమ్ముడూ మాట్లాడే అలవాటు కోసం అయితే నీ మాట ఒప్పుకుంటా, నలుగురితో కూర్చుని ప్రాక్టీస్ చెయ్యడానికి డబ్బులు కడితే కట్టుకోండి. నాకు నచ్చనిది కోచింగ్‌లో కథలు బట్టీ పట్టించడం. మొదటి రోజు స్క్రీనింగ్‌లో మసక బొమ్మ ఒకటి 30 సెకన్లు చూపించి నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు, తర్వాత దాని మీద గ్రూప్‌లో చర్చ. ఆ బొమ్మలో ఏమున్నా మావాళ్లు ఒకడు మెడికల్ క్యాంపు పెట్టించేస్తాడు, ఒకడు ఊరికి రోడ్డు వేయించేస్తాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు రోజూ అవే కథలు వింటారు కదా, ఎవరు ఏ కోచింగ్ నుంచి వచ్చారో కూడా వాళ్లకి తెలిసిపోతుందని నా అనుమానం. తర్వాత సైకాలజీ రోజు కూడా అంతే, 60 పదాలు, పదానికి 15 సెకన్లు, నీ బుర్రలో ఉన్నదే బయటికొస్తుంది, నేర్చుకున్న వాక్యాలు ఇరవై పదాల తర్వాత అయిపోతాయి.

డబ్బులు లేకపోతే హాస్టల్‌లోనే నలుగురు కలిసి రోజూ పేపర్‌లో ఒక వార్త తీసుకుని ఇంగ్లీషులో పావుగంట కొట్టుకోండి. ఇంకో విషయం, సైకాలజీ టెస్టులు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయొచ్చు, తెలుగు ఉండదు. గ్రామర్ తప్పులకి ఎవర్నీ పంపెయ్యరు, ఆగిపోకుండా చెప్పగలగాలి అంతే.

రిటైర్డ్_నావికుడు_ఆమదాలవలస:

అమ్మా, నేను నేవీలో సెయిలర్‌గా చేసి రిటైరయ్యాను. ఆఫీసర్ సెలెక్షన్ గురించి ఆ బాబు చెప్పింది చాలు, నేను వేరే రెండు విషయాలు చెప్తాను, అందరూ చివర్లో ఏడ్చేది వీటి దగ్గరే.

ఒకటి మెడికల్. ఎస్‌ఎస్‌బీలో రికమెండ్ అయిపోయాక మెడికల్‌లో వెనక్కొచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. ఏటంటే మనూళ్లలో నొప్పి వస్తే గానీ డాక్టర్ దగ్గరికి వెళ్లం. నువ్వు ఇప్పుడే వెళ్లి ముందు కలర్ విజన్ చూపించీసుకో, చుక్కల్లో అంకెలు చదవమంటారు, అది తేడా ఉంటే మందు లేదు ఆపరేషన్ లేదు, ఆ సంగతి ఇవాళే తెలిస్తే మంచిది. తర్వాత కంటి సైటు, బ్రాంచ్‌ని బట్టి లిమిట్ వేరు, నోటిఫికేషన్‌లో రాసుంటుంది. చెవుల్లో గులిమి క్లీన్ చేయించు. పళ్లకి 14 పాయింట్లు రావాలి, పుచ్చు పళ్లుంటే ఇప్పుడే ఫిల్లింగ్ పెట్టించు. ముక్కు దూలం వంకర ఉందేమో చూపించు. అరికాలు చదునుగా ఉందో లేదో తడి కాలు గచ్చు మీద పెడితే నీకే తెలుస్తుంది. ఆడపిల్లలకి ఎత్తు 152 సెంటీమీటర్లు. రక్తం తక్కువుంటే ఏడాదిలో సరి చేసుకోవచ్చు, వారంలో అవదు కదమ్మా. అక్కడ అన్‌ఫిట్ ఇస్తే 42 రోజుల్లోపు అప్పీల్ బోర్డుకి వెళ్లొచ్చు కానీ ఆ టెన్షన్ ఎందుకు. పచ్చబొట్టు మాత్రం వేయించుకోకు, జాతరలో సరదాగా వేయించీసి తర్వాత బాధపడినోళ్లున్నారు.

రెండోది కాగితాలు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడక్షరం ఉంటుంది, ఇంటర్‌లో ఇంటిపేరు వెనక్కి పోతుంది, తండ్రి పేరులో ఒక చోట 'రావు' ఉంటే ఇంకో చోట 'అప్పారావు'. మనవాళ్లకి ఇది పెద్ద జబ్బు. ఫారంలో టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయాలి. మిగతావి ఇప్పట్నుంచి మీసేవలో, సచివాలయంలో తిరిగి సరి చేయించుకుంటే అప్పటికి అవుతాయి. సీజీపీఏని శాతంలోకి మార్చే ఫార్ములా కాగితం మీ యూనివర్సిటీ నుంచి అడిగి పెట్టుకో, ఆఖర్లో కాలేజీ ఆఫీసు చుట్టూ తిరగడం నీవల్ల కాదు.

ఈత గురించి బెంగపడకు. కేరళలో ఎళిమల నేవీ అకాడెమీలో వాళ్లే నేర్పుతారు, రాకపోతే వచ్చేదాకా వదలరు. సెలెక్షన్‌లో ఈత అడగరు. పరుగు మాత్రం మొదలెట్టు, విజ్జీ స్టేడియం దగ్గర పొద్దున్నే చాలామంది ఆడపిల్లలు కానిస్టేబుల్ ప్రాక్టీసుకి వస్తారు, వాళ్లతో కలిసిపో.

ఉద్దానం_అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్, సీనియర్ చెప్పిన కోర్సు ఆపేశాను, డబ్బులు కట్టకముందే అడిగినందుకు బతికిపోయాను. బాబాయి గారూ, ఆధార్‌లో నాది నిజంగానే ఒక్క అక్షరమే ఉంది, సోమవారం సచివాలయానికి వెళ్తాను.

ఒక డౌటు. ఇంటర్వ్యూలో నీ జిల్లా గురించి చెప్పు అంటారంట. మా ఇంటి గురించి చెప్తే కష్టాలు చెప్పుకున్నట్టు ఉంటుందేమో అని భయం. మాకు రెండెకరాల జీడితోట ఉండేది, తిత్లీ తుఫానులో చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, నాన్న అప్పట్నుంచే బట్టీకి వెళ్తున్నారు. ఇది చెప్పాలా వద్దా?

గరివిడి_అక్క:

చెప్పు. కానీ తోట పోయింది అని ఆగిపోతే కష్టం చెప్పుకున్నట్టు ఉంటుంది. తిత్లీ 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తీరం దాటింది, కొబ్బరి జీడి రెండూ ఎందుకు అంతలా పోయాయి, జీడి మళ్లీ కాపుకి రావాలంటే ఎన్నేళ్లు పడుతుంది, ఈలోపు మీ ఊరోళ్లు ఏం చేశారు, ఎవరు వలస పోయారు ఎవరు ఉండిపోయారు, మీ ఇంట్లో నీ చదువు ఎలా ఆగకుండా చూశారు, ఇది చెప్తే నీకు నీ ఊరు తెలుసని వాళ్లకి అర్థమవుతుంది. నేను బోర్డుకి వెళ్లినప్పుడు నాది గరివిడి అని చూసి మాంగనీస్ గురించీ ఫెర్రో ఎల్లాయ్స్ గురించీ వరసగా అడిగారు, నేవీ గురించి అడిగింది తక్కువ.

శ్రీకాకుళం అంటే ఇంకా అడగొచ్చు, 193 కిలోమీటర్ల తీరం ఉన్నా మత్స్యకారులు గుజరాత్ దాకా ఎందుకు పోతున్నారు, మూలపేటలో పోర్టు వస్తే ఏం మారుతుంది. 2018లో వేరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మనవాళ్లు 2020 జనవరిలో విడుదలయ్యారు, అసలు సముద్రంలో సరిహద్దు ఎలా ఉంటుంది, పడవలో ఉన్నోడికి ఎలా తెలుస్తుంది, ఇది నేవీ ఇంటర్వ్యూకి సరిగ్గా సరిపోయే ప్రశ్న. మన జిల్లా ప్రశ్నే నేవీ ప్రశ్న కూడా అయిపోతుంది చూశావా.

నేవీ గురించి కూడా కొంచెం తెలియాలి, మరీ గైడ్ పుస్తకం కంఠతా పట్టినట్టు వద్దు. ఒక ఆదివారం వైజాగ్ వెళ్లి బీచ్‌లో కురుసుర జలాంతర్గామి, ఎదురుగా టీయూ 142 విమానం చూసిరా, కురుసురలో మనిషి పడుకునే చోటు ఎంత ఉంటుందో కళ్లతో చూస్తే ఈ ఉద్యోగం నాకు కావాలా అని నిన్ను నువ్వే అడుగుతావు. డిస్ట్రాయర్‌కీ ఫ్రిగేట్‌కీ తేడా తెలుసుకో. తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్ మన పక్కనే ఉంది కాబట్టి అక్కడ జరిగేవి ఫాలో అవ్వు, వైజాగ్‌లో హిందుస్తాన్ షిప్‌యార్డ్ కట్టిన నిస్తార్ ఓడ 2025 జులైలో నేవీలో చేరింది, అదే నెల వైజాగ్‌లోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఆస్థా పూనియాకి వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) ఇచ్చారు, నేవీ ఫైటర్ స్ట్రీమ్‌లోకి వచ్చిన మొదటి అమ్మాయి. నేవీ తెరచాప పడవ తారిణిలో ప్రపంచం చుట్టొచ్చిన ఆరుగురు మహిళా ఆఫీసర్లలో స్వాతిది వైజాగే.

ఎస్‌ఎస్‌బీలో గ్రౌండ్ టాస్కుల దగ్గర అమ్మాయిలు చేసే పని ఒకటి ఉంటుంది, దుంగలు తాళ్లు మగపిల్లలకి వదిలేసి పక్కన నిలబడి ఐడియాలు చెప్పడం. అలా చెయ్యకు. దుంగ పట్టుకో, ఇంకొకళ్లు చెప్పిన ఐడియా బాగుంటే అదే చెయ్యి, నీదే గెలవాలని లేదు. విడిగా చేసే అడ్డంకులు పది ఉంటాయి, టైము మూడు నిమిషాలు, కష్టమైనవాటికి పాయింట్లు ఎక్కువ, ఏవి ముందు చేయాలో చూసి పెట్టుకో. భయమేస్తే కాసేపు ఆగి చెయ్యి గానీ వదిలెయ్యకు.

చింతలవలస_హాస్టల్:

అక్కా మా తమ్ముడు ఐదో తరగతి, వాడికీ నేవీ పిచ్చే. కోరుకొండ సైనిక్ స్కూల్‌కి రాయించొచ్చా?

గరివిడి_అక్క:

రాయించు, ఆరులోకీ తొమ్మిదిలోకీ ఎంట్రన్స్ ఉంటుంది, ఇప్పుడు ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారు. అక్కడ చదివితే ఇంటర్ అవ్వగానే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడెమీ) పరీక్ష రాయొచ్చు. కానీ రాకపోతే లోకం మునిగిపోదు అని ముందే చెప్పి రాయించు, పదేళ్ల పిల్లాడి మీద అంత బరువు వద్దు.

పార్వతీపురం_పాసింజర్:

నేను మర్చంట్ నేవీ అనుకునే చెప్పాను తల్లీ ఏమనుకోకు. మా పిల్లాడు ఇప్పుడు ఫస్టియర్, ఎన్‌సీసీలో పేరిమ్మని చెప్పాను.

ఉద్దానం_అమ్మాయి:

ఇంకో చిన్నది, ఎస్‌ఎస్‌బీ ఎక్కడ పడుతుందో మనం ఎంచుకోవచ్చా? భోపాల్ పడితే రానుపోను ఖర్చు ఎంతవుతుందో అని.

కోటజంక్షన్_కుర్రాడు:

సెంటరు వాళ్లే ఇస్తారు. వైజాగ్ పడొచ్చు, బెంగళూరు, భోపాల్, కోయంబత్తూరు, కోల్‌కతా ఏదైనా పడొచ్చు. ఆ టైపు ఎంట్రీకి మొదటిసారి వెళ్లేవాళ్లకి థర్డ్ ఏసీ చార్జీ తిరిగిచ్చేస్తారు కాబట్టి టికెట్టు ఎక్కడా పారెయ్యకు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్ కూడా ఫైల్లో పెట్టుకో. అక్కడ ఉన్నన్నాళ్లు తిండీ బసా వాళ్లదే. 3-1 రిజల్ట్ వచ్చాక ఇక్కడే పెట్టు, బ్రాంచ్ ప్రిఫరెన్స్ అప్పుడు చూద్దాం.